హాస్టల్ గదిలో గేమ్ లాగ్ అవుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

తిరుపతిలో బైరాగిపట్టెడ, కొర్లగుంట వైపు హాస్టళ్లలో, అద్దె గదుల్లో సాయంత్రమైతే చాలు, కౌంటర్ స్ట్రైకో వాలరెంటో మొదలవుతుంది. కాసేపటికి "అన్నా, నెట్ బాలేదు, లాగ్ వస్తా ఉంది" (ఆట ఆగి ఆగి నడుస్తోందని) అనే మాట కూడా మొదలవుతుంది. నెట్ వాళ్లకు ఫోన్ కొట్టే ముందు గదిలోనే ఒకసారి వెతకండి. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యే దొరుకుతుంది.

సమస్య: ఎదుటివాడు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాడు

విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మీ రౌటర్ అడ్రస్‌ను ఆపకుండా పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. అంకెలు రెండు, మూడు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటే గదిలో ఇబ్బంది లేదు. 3, 4, 180, 5, 240 అని ఎగిరెగిరి పడుతుంటే తప్పు వైఫైదే. నెట్ వాళ్లను తిట్టి లాభం లేదు.

కారణం చాలావరకు వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్. అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. నాలుగంతస్తుల హాస్టల్లో అంతస్తుకు రెండు రౌటర్లు ఉంటే అవన్నీ ఆ మూడింటి మీదే పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే వెంటనే తేడా తెలుస్తుంది, కానీ గోడ అడ్డొస్తే అది బలహీనపడుతుంది. అసలు మందు రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా నెట్‌వర్క్ కేబులే. షూటింగ్ గేమ్ ఆడేటప్పుడు వాడే డేటా చాలా తక్కువ, దానికి కావాల్సింది స్పీడ్ కాదు, నిలకడ. అందుకే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు పోసే బదులు పది మీటర్ల కేబుల్ కొనమని గట్టిగా చెప్తాను.

రౌటర్ పింగ్ బాగుండి బయటి పింగ్ (గేమ్‌లో కనబడేది) మాత్రమే పెరిగితే, ఎవరి ఫోనైనా ఫోటోలు బ్యాకప్ చేస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే గేమ్ పంపే డేటా ముక్కలు (ప్యాకెట్లు) క్యూలో ఆగుతాయి. ఆట అయ్యేదాకా బ్యాకప్ ఆపితే చాలు.

అదీ కాకపోతే సర్వర్, అంటే ఆటను నడిపే అవతలి కంప్యూటర్, దూరంగా ఉన్నట్టు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే వెళ్తుంది. చెన్నై నుంచి సింగపూర్ దాదాపు 2,900 కిలోమీటర్లు. అంటే పోయి రావడానికే 29 మిల్లీసెకన్లు పడుతుంది, ఏ ప్లాన్ కొన్నా అంతకు తగ్గదు. కాబట్టి ముంబై సర్వర్ ఎంచుకోండి. కౌంటర్ స్ట్రైక్ 2లో అయితే మ్యాచ్‌కి ఒప్పుకునే గరిష్ఠ పింగ్‌ను సెట్టింగ్స్‌లో తగ్గించి పెట్టుకోవచ్చు.

సమస్య: పక్క మంచం మీది ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న గేమ్ సర్వర్ కనబడటం లేదు

మొదట ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారా చూడండి. ఒకరు గెస్ట్ వైఫైలో ఉంటే రౌటరే ఇద్దరినీ కలవనివ్వదు. తర్వాత విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో గేమ్‌కి అనుమతి ఇవ్వండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం వద్దు. పాత కౌంటర్ స్ట్రైక్ 1.6 అయితే కన్సోల్‌లో (గేమ్‌లో ఆదేశాలు టైప్ చేసే చోట) సర్వర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఆ మెషిన్ అడ్రస్, కొట్టి నేరుగా చేరవచ్చు. పోర్ట్ మామూలుగా 27015. ఐపీ 169.254తో మొదలైతే ఆ మెషిన్‌కి రౌటర్ నుంచి అడ్రసే రాలేదని అర్థం, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

సమస్య: గేమ్ ఫైలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు, గది నెట్‌వర్క్‌లో (ల్యాన్) గంటలు పడుతోంది

డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా పెద్ద ఫైలు ఎక్కకపోతే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్నట్టే. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి, ఉన్నదంతా ముందే వేరేచోట దాచుకుని.

నా మాటగా చెప్తే అసలు పెన్ డ్రైవే అక్కర్లేదు. గేములు కొని దించుకునే స్టీమ్ యాప్‌లో 2023 నుంచి ఒక సౌకర్యం ఉంది: ఒకే నెట్‌వర్క్‌లో ఒకరి దగ్గర గేమ్ ఉంటే, ఆ గేమ్ తమ అకౌంట్‌లో ఉన్న పక్కవాళ్లు నెట్ ఖర్చు కాకుండా దాన్నుంచే దించుకోవచ్చు. అంతస్తు మొత్తానికి ఒక్కరు డౌన్‌లోడ్ చేస్తే సరిపోతుంది. ఇద్దరికీ ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. ఎవరో ఇచ్చిన క్రాక్ కాపీ జోలికి మాత్రం పోవద్దు. యాంటీవైరస్ ఆపితేనే నడుస్తుందని చెప్పే ఫైలు ఏదైనా సరే, నేను ముట్టుకోను.

కేబుల్ మీద స్టీమ్ కాపీ కూడా సెకనుకు 11, 12 ఎంబీ దగ్గరే ఆగిపోతుంటే లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. 50 జీబీకి గంటకు పైనే పడుతుంది. కేబుల్ చివరి ప్లగ్గును వెలుతురుకి పట్టి చూడండి: ఎనిమిది రంగుల తీగలూ చివరిదాకా, బంగారు రంగు పిన్నుల కిందికి వచ్చి ఉండాలి. నాలుగు తీగలతోనే 100 నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ లోపలికి జారినా వేగం పడిపోతుంది. ప్లగ్గు కోసి కొత్తది క్రింప్ చేయించండి. అప్పటికీ మారకపోతే మీ స్విచ్చే (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) 100 రకం కావచ్చు, అలాగైతే గిగాబిట్ స్విచ్ తెచ్చుకోండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య అదే 50 జీబీ ఎనిమిది నిమిషాల పని.