పాత కారుకి ఈఎఫ్‌ఐ కిట్ కొంటున్నారా? ముందు ట్యాంక్ చూడండి

1966 మస్టాంగ్ లాంటి పాత వీ8 కారుకి కార్బురేటర్ తీసేసి ఈఎఫ్‌ఐ (ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కంప్యూటర్ లెక్కతో ఇంజిన్‌కి పెట్రోల్ చిమ్మే పద్ధతి) పెట్టించాలనుకునేవాళ్లు ముందు హార్స్‌పవర్ అంకెలే చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది పెట్రోల్ ట్యాంక్. కార్బురేటర్‌కి 5-7 పీఎస్‌ఐ ప్రెషర్ చాలు. హోలీ స్నైపర్ లాంటి థ్రాటిల్ బాడీ కిట్‌కి దాదాపు 58 కావాలి. పాత మెకానికల్ పంపు, పాత రబ్బరు గొట్టాలు దానికి పనికిరావు. ట్యాంక్ లోపల పెట్టే పంపు, మిగిలిన పెట్రోల్‌ని తిరిగి ట్యాంక్‌కి చేర్చే రిటర్న్ లైన్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. పెట్రోల్‌లో మునిగి ఉండే పంపు చల్లగా ఉంటుంది, మోతా తక్కువే.

కిట్ 'సెల్ఫ్ లెర్నింగ్', అంటే పెట్రోల్ ఎంత పోయాలో తనే నేర్చుకుని సర్దుకుంటుంది అన్నారు కదా అని ధీమాగా ఉండకండి. ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు జాయింట్‌లో చిన్న లీకున్నా అది బయటి గాలికి మోసపోయి, ఇంజిన్‌కి అనవసరంగా పెట్రోల్ పోయిస్తుంది. పవర్ వైర్లు మాత్రం నేరుగా బ్యాటరీకే కలపండి.