బ్యాంకు కోత, మూడో పాఠం: 118 ఎక్కడి నుంచి వచ్చింది?

పోయిన పాఠంలో పాస్‌బుక్కు ప్రింటు వేయించుకు రమ్మన్నాను. వేయించారా? లేకపోతే ముందు ఆ పని చూసుకు రండి, ఈ పాఠం పుస్తకం ఎదురుగా పెట్టుకుని చదవాల్సింది.

మొదట ఒక గందరగోళం తీర్చేద్దాం. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే మన దగ్గర బ్యాంకును అడిగి తీసుకునే అప్పు, జన్‌ధన్ ఖాతాకు అర్హతను బట్టి 10,000 దాకా ఇస్తారు. మనం అడక్కుండానే ఖాతా మైనస్‌లోకి పోయిందన్నా, పడిన డబ్బు పడినట్టే తరిగిపోయిందన్నా అది వేరే సంగతి. అక్కడ ఏదో చార్జీ ఉంటుంది. దాని పేరు తెలియకుండా కౌంటరు దగ్గరికి వెళ్తే "సిస్టం కట్ చేసిందండి" అనే మాటతో తిరిగొస్తాం.

ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి అదే జరిగింది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు 5,000 పడిందని సంబరంగా వెళ్తే ఖాతాలో 4,292 ఉంది. బ్యాంకువాళ్లతో ఒడియాలో గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, పాస్‌బుక్కులో ఇంగ్లీషు పొడి అక్షరాలైతే నాకే సరిగ్గా అర్థం కావు. అంకెలు మాత్రం అర్థమయ్యాయి. ఒకే తేదీన ఆరుసార్లు 118.

ఇక్కడే ఈ పాఠం కిటుకు ఉంది. బ్యాంకు చార్జీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కాబట్టి వింతగా కనిపించే అంకెను 1.18తో భాగించండి. 118 అంటే 100, 590 అంటే 500, 17.70 అంటే 15. గుండ్రటి అంకె తేలితే అది దాదాపుగా చార్జీయే. 27.14 కనిపిస్తే 23 రూపాయలన్నమాట, ఉచిత లెక్క దాటి ఏటీఎం వాడినందుకు 2025 మే 1 నుంచి బ్యాంకు తీసుకోగలిగే గరిష్ఠ మొత్తం అదే. మే, జూన్‌లలో పోయే 436, 20 మాత్రం చార్జీలు కావు. అవి ప్రధానమంత్రి బీమా ప్రీమియాలు, ఎప్పుడో ఫారం మీద సంతకం పెట్టి మర్చిపోయి ఉంటాం, వాటి గురించి బ్యాంకువాళ్లతో గొడవ పెట్టుకోకండి.

పిన్నిది మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు వేసిన చార్జీ. స్టేట్ బ్యాంకు దీన్ని 2020లోనే తీసేసింది, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో తీసేసింది, అందుకని మీ బ్యాంకులో ఇంకా ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే 2015 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాలు మన చేతిలో ఉన్నాయి: బ్యాలెన్స్ తగ్గిందని ఎస్సెమ్మెస్సో ఉత్తరమో పంపాలి, సరిచేసుకోడానికి కనీసం నెల గడువివ్వాలి, చార్జీ తగ్గిన మొత్తాన్ని బట్టి ఉండాలి, ఈ చార్జీ ఒక్కదాని వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

అర్జీలో "దయచేసి నా డబ్బు ఇప్పించండి" అని మొదలుపెట్టొద్దు, బతిమాలితే బతిమాలినట్టే ఉంటుంది. ప్రశ్నలు రాయండి. ఫలానా తేదీన 118 చొప్పున ఆరుసార్లు తీసుకున్నారు, ఒక్కొక్కటి ఏ నెలది, అప్పుడు బ్యాలెన్స్ ఎంత తగ్గింది, ఏ తేదీన ఏ నంబరుకు కబురు పంపారు? రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి నసుగుతారు, కుర్చీ వదలకండి.

పిన్ని విషయంలో కబురు పంపిన నంబరే మాకు దెబ్బ కొట్టింది. మెసేజీలు పంపామన్నారు, నిజమే, సరిహద్దుకు ఇవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో కొన్న పాత సిమ్ముకు వెళ్లాయి, ఆ సిమ్ము చచ్చి రెండేళ్లయింది. అటో ఖాతా ఇటో ఖాతా, అటో నంబరు ఇటో నంబరుగా బతికే మన ఊళ్లలో ఇది ఇంటింటి భాగోతం. ఆ రోజే నంబరు మార్పించాం, అదే బ్యాంకులో ఆవిడకు వేరే పొదుపు ఖాతా లేదు కాబట్టి ఉన్నదాన్ని మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని ఇంకో కాగితం కూడా ఇచ్చాం. పది రోజులకు మూడు 118లు వెనక్కి వచ్చాయి. మిగతా మూడింటి గురించి ఉలుకూ పలుకూ లేదు.

ఈ వారం మీ పని: గత ఏడాది పాస్‌బుక్కులో ఖర్చు వైపున్న చిన్న అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, 1.18తో భాగించి, పక్కన పేరు రాయండి. పేరు దొరకని వాటికి ప్రశ్నార్థకం పెట్టండి. రెండేళ్లుగా ముట్టుకోని ఖాతా ఏదైనా ఉంటే దాని పుస్తకమూ బయటికి తీయండి, అలా నిద్రపోయిన ఖాతా మీద మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ వేయకూడదు. స్టాంపు పడిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టండి. అప్పటికీ జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఎలా రాయాలో నాలుగో పాఠంలో, పిన్ని మిగతా మూడు 118లతోనే చూద్దాం.