పాత సమాధి రాళ్ల మీద రాతలు చదవడానికి వెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

చలికాలం వస్తే చాలు, పాత సమాధి రాళ్లు చదివే అలవాటు ఉన్నవాళ్లకి కాళ్లు నిలవవు. గడ్డీ పొదలూ ఎండిపోయి రాళ్లు బయటపడతాయి, ఎండ ఏటవాలుగా పడుతుంది, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నున్నగా పలకలా కనిపించిన రాయి మీద ఇప్పుడు అక్షరాలు లేస్తాయి. ముత్తాతల పేర్లు వెతుక్కునేవాళ్లు, పాత లిపులంటే ఇష్టం ఉన్నవాళ్లు అందరూ బయల్దేరేది ఇప్పుడే. కానీ వందేళ్లు, రెండొందల ఏళ్లు వానకి తట్టుకున్న రాయి మన చేతిలో అయిదు నిమిషాల్లో పాడైపోతుంది. నా చేతిలో ఒకటి పాడైంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అదొక పసిబిడ్డ సమాధి, మోకాలెత్తు పాలరాయి. వయసు దగ్గర అంకె మసగ్గా ఉంది, మూడో ఎనిమిదో తేలట్లేదు, పాచి అడ్డం ఉందేమో అనుకుని ఇనుప తీగల బ్రష్‌తో రెండంటే రెండుసార్లు గీకాను. వేళ్లకి పంచదార పలుకుల్లా తెల్లటి రవ్వ అంటుకుంది. మురికి అనుకున్నా, కాదు, అది రాయే. గీకిన తర్వాత అక్కడ అంకే లేదు, ఆ బిడ్డ ఎన్ని నెలలు బతికిందో ఇక ఆ రాయి చెప్పలేదు. ఇప్పటికీ ఆ రవ్వ వేళ్ల మీద ఉన్నట్టే ఉంటుంది.

ఎందుకలా అయిందంటే పాలరాయీ సున్నపురాయీ రెండూ కాల్షియం కార్బొనేటే, వాన నీళ్లలో ఉండే ఆమ్లానికి ఏటేటా కాస్త కాస్త కరుగుతూనే ఉంటాయి, పైపొరలో రవ్వల మధ్య పట్టు పోయి ఉంటుంది. ఇసుకరాయి అయితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది కానీ లోపల డొల్ల. పలకరాయి మీద చెక్కడం చాలా కాలం పదునుగా నిలుస్తుంది, అయితే అంచుల దగ్గర పొరలుగా చీలుతుంది. గ్రానైట్ ఒక్కటే కాస్త మొండిది. కాబట్టి రాయి దగ్గరికి వెళ్లగానే ముందు అదేం రాయో చూడండి, రాత తర్వాత.

ఇంక వాడకూడనివి. వెనిగర్, నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్, ఇవి పాలరాయిని నేరుగా కరిగిస్తాయి. బ్లీచ్ వేస్తే మొదట తెల్లగా మెరుస్తుంది, కానీ దాని ఉప్పు రాయి రంధ్రాల్లో ఉండిపోయి ఆరినప్పుడు గడ్డకట్టి లోపల్నుంచి పైపొరని తోసేస్తుంది. ప్రెషర్ వాషర్ వద్దే వద్దు. షేవింగ్ క్రీమ్ పూసి గీస్తే అక్షరాలు తెల్లగా కనిపిస్తాయని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది, అందులో ఆమ్లాలూ నూనెలూ ఉంటాయి, ఎంత కడిగినా రంధ్రాల్లోంచి పూర్తిగా రావు. అలాగే గోధుమ పిండి పూస్తే బూజుకి తిండి పెట్టినట్టే. చాక్‌పీస్ కూడా వద్దు, రుద్దుతుంటే రాయి అరుగుతుంది, రంగు చాక్ అయితే మరక దిగిపోతుంది. కాగితం పెట్టి మైనం రుద్దే పద్ధతి పాతది, దానిమీద ఇష్టం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, నేను మాత్రం వద్దనే అంటాను, ఎందుకంటే రుద్దేటప్పుడు పడే ఒత్తిడి లోపల డొల్లగా ఉన్న పెచ్చుకి చాలు.

పాచి మరీ అడ్డం ఉంటే, అదీ సమాధుల తోట చూసుకునేవాళ్లు సరే అంటేనే, మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే. ముందు రాయిని బాగా తడపాలి, కింద నుంచి పైకి వెళ్లాలి, లేకపోతే మురికి చారలు కిందకి కారి దిగిపోతాయి. రాత్రికి మంచు గడ్డకట్టే చలి ఉంటే అసలు తడపకండి, లోపలికి పోయిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బి రాయిని పగలగొడతాయి. గుండ్రంగా పొలుసుల్లా అంటుకునే లైకెన్ వేర్ల లాంటి పోగులతో రాయిలోకి దిగి ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు గోటితో లాగితే దానితో పాటు అక్షరం ముక్క కూడా వస్తుంది. వదిలేయండి.

అసలు చదవాల్సింది వెలుగుతో. పొడుగాటి అద్దం ఒకటి, తలుపు వెనక పెట్టుకునేలాంటిది, తీసుకెళ్లండి, తోడు ఒక మనిషిని తీసుకెళ్లండి. ఆ మనిషి ఎండలో నిలబడి అద్దంతో వెలుగుని పక్కనుంచి, రాయికి దాదాపు ఆనుకున్నట్టుగా జారిపోయేలా వేయాలి. అద్దం కొంచెం కొంచెం తిప్పుతుంటే ఒక కోణం దగ్గర ప్రతి గాడికీ ఒకవైపు నీడ వచ్చి, ఏమీ లేదనుకున్న చోట ఒక పేరు మొత్తం లేచి నిలబడుతుంది, నేనెన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. నీడలోనే ఉండే రాళ్లకి ఇదే దారి, లేదా చీకటి పడ్డాక టార్చ్‌లైట్. ఎదురుగా ఫ్లాష్ మాత్రం కొట్టొద్దు, నీడలన్నీ చచ్చిపోతాయి. కెమెరా కదలకుండా స్టాండ్ మీద పెట్టి, టార్చ్ ఒక్కటే చుట్టూ తిప్పుతూ ఎనిమిదో పదో ఫోటోలు తీసుకోండి, ఎడమ నుంచి వెలుగు పడితే కనిపించని అడ్డగీత పైనుంచి పడితే కనిపిస్తుంది. ఇదే సూత్రం మీద హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ వాళ్లు 2001లో ఒక పద్ధతి తెచ్చారు, అలా తీసిన ఫోటోలన్నీ కలిపి కంప్యూటర్లో వెలుగుని ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవచ్చు.

మీ ఒంటి గురించి కూడా ఒక మాట. మీటరు ఎత్తు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల మందం ఉన్న పాలరాయి 160 కిలోల దాకా తూగుతుంది. ఒరిగిన రాయికి ఆనుకోకండి, దాని ముందు కూర్చుని చదవకండి, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వకండి. పాత గోతుల మీద నేల కుంగుతుంది, కర్రతో పొడిచి చూసి అడుగేయండి. పగుళ్లలో తేళ్లు, కందిరీగలు ఉంటాయి, చెయ్యి పెట్టే ముందు చూడండి. కింద పడున్న ముక్కల్ని తెచ్చి అతికించి చూడాలనిపిస్తుంది, జరపొద్దు, అవెక్కడ పడ్డాయో ఆ చోటు కూడా ఒక ఆధారమే. చివరి వరసలు మట్టిలో ఉన్నాయని తవ్వకండి.

ఇక రాత దగ్గరికొస్తే ఇక్కడా తొందరే ముంచుతుంది. 1800కి ముందటి ఇంగ్లీషు రాళ్ల మీద ఎస్ చాలాచోట్ల ఎఫ్ లా పొడుగ్గా ఉంటుంది, యు ఉండాల్సిన చోట వి, జె ఉండాల్సిన చోట ఐ చెక్కుతారు. ఒకటీ ఏడూ, మూడూ ఎనిమిదీ అరిగితే ఒకేలా కనిపిస్తాయి. 'కన్సార్ట్' అంటే భర్త బతికుండగా పోయిన భార్య, 'రెలిక్ట్' అంటే విధవరాలు, ఈ ఒక్క మాట తప్పు చదివితే భర్త చావు ఏడాది తలకిందులవుతుంది. లాటిన్‌లో వయసు 35వ ఏడు అని ఉంటే నిండినవి 34 అన్నమాట. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే ఫిబ్రవరి తేదీకి 1731/2 అని రెండేళ్లు కనిపిస్తే చెక్కినవాడి పొరపాటు అనుకోకండి. యూదుల హీబ్రూ రాళ్ల మీద మామూలుగా ఏడాదిలో అయిదు వేలు వదిలేసి వందల నుంచే రాస్తారు, దానికి 1240 కలిపితే మన వాడుక సంవత్సరం వస్తుంది, శరదృతువు నెలలకి ఒక ఏడాది తేడా ఉంటుంది. ముస్లింల రాళ్ల మీద ఉండే హిజ్రీ ఏడాది మన ఏడాది కన్నా దాదాపు 11 రోజులు పొట్టి, ఊరికే ఒక అంకె కలిపేసి తేల్చకండి.

కావాలనే చిక్కుముడిగా చెక్కించినవీ ఉన్నాయి. న్యూయార్క్ ట్రినిటీ చర్చి ఆవరణలో 1794లో పోయిన జేమ్స్ లీసన్ రాయి పైఅంచున గళ్లూ చుక్కలూ వరసగా ఉంటాయి, చూస్తే అలంకారం అనుకుంటాం, విప్పితే 'రిమెంబర్ డెత్', చావుని గుర్తుంచుకో అని. ఆ గళ్ల లిపిలో ఒకే గడిలో ఒక చుక్క ఉంటే ఒక అక్షరం, రెండుంటే ఇంకొకటి. అంటే వాన తొలిచిన చిన్న గుంట ఒకటి చాలు అర్థం మారిపోవడానికి, మనం గీకి చెరిపిన చుక్క ఒకటి చాలు. కెనడాలో ఒంటారియోలో శామ్యూల్ బీన్ అనే డాక్టరు తన ఇద్దరు భార్యలకి కలిపి వేయించిన రాయి మీద పదిహేను అడ్డం, పదిహేను నిలువు, మొత్తం 225 గళ్లు, మధ్యలో నుంచి మొదలుపెట్టి వంకరటింకరగా చదవాలి. 1860లలో వేయించిన ఆ రాతని ఆ సమాధుల తోట కాపలాదారు విప్పాడని 1947లో బయటపడింది. అసలు రాయి అరిగిపోవడంతో 1982లో నకలు పెట్టారు. అలాంటి గళ్ల రాయి ఎదురైతే అర్థం తర్వాత, ముందు గడి గడికీ ఫోటో తీసుకోండి.

రాసుకునేటప్పుడు రాయి మీద ఎలా ఉందో అలాగే, వరసకి వరస, తప్పు స్పెల్లింగ్ కూడా దిద్దకుండా రాయండి. అనుమానం ఉన్న అక్షరాన్ని బ్రాకెట్లో పెట్టండి, కనిపించనివి ఎన్నో అన్ని చుక్కలు పెట్టండి. మీ ఊహ వేరే లైన్లో. పేరు ముందే మనసులో పెట్టుకుని వెళ్తే రాయి మీద అదే కనిపిస్తుంది, అందుకని తోడొచ్చిన మనిషికి ఏమీ చెప్పకుండా విడిగా చదవమనండి, ఇద్దరివీ కలవని అక్షరాల దగ్గరే అద్దం మళ్లీ పెట్టండి. బయల్దేరే ముందు ఆ చర్చి సమాధుల రిజిస్టరు, అంతకుముందు ఎవరైనా రాసుకున్న పాత నకళ్లు ఉన్నాయేమో అడగండి, యాభై ఏళ్ల కింద చదివినవాళ్లకి రాయి మనకన్నా బాగానే కనిపించి ఉంటుంది. ఎంత చూసినా తేలకపోతే ఆ చోట చుక్కలే ఉంచి వచ్చేయండి, ఇంకో రోజు ఇంకో ఎండలో మళ్లీ వెళ్లొచ్చు.