మీ ఊరి నేల, జనం గురించి రాయడం ఎలా: గజపతి జిల్లా తెలుగు పల్లెల వారి కోసం

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక చిన్న పల్లె గురించి నమ్మదగిన నాలుగు పుటలు రాయాలనుకునేవారు ముందుగా ఊరు అంటే ఏదో తేల్చుకోవాలి. ఇళ్లున్న చోటునే మనం ఊరంటాం. రెవెన్యూవారికి మాత్రం మౌజాయే, అంటే కాగితాల్లో హద్దులున్న రెవెన్యూ గ్రామమే, ఊరు. ఒకే మౌజాలో పెద్ద ఊరితో పాటు కొండవారన ఉన్న సవర గూడెం, గెడ్డ (వాగు) అవతల కొత్తగా వెలసిన వీధి కూడా కలిసి ఉండవచ్చు. ఇళ్లే లేని మౌజాలూ ఉంటాయి. జనాభా లెక్కలు మౌజా పేరు మీదనే వస్తాయి కాబట్టి, మీ ఊరు ఏ మౌజాలో ఉందో, అందులో ఇంకా ఏ గూడేలు చేరి ఉన్నాయో ఆర్‌.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) కార్యాలయంలో గాని ఒడిశా భూరికార్డులుండే భూలేఖ్‌ వెబ్‌సైట్‌లో గాని చూసి రాసుకోండి. అక్కడ పేరు ఒడియా ఉచ్చారణలో ఉంటుంది కాబట్టి, ఆ రూపాన్ని కూడా పక్కన రాసి ఉంచుకోవడం మంచిది.

తర్వాత ఊరి ఉనికి చెప్పాలి. గ్రామపంచాయతీ, బ్లాకు, తహసీలు, పోలీసు ఠాణా, ఈ నాలుగూ రాయండి. ఠాణా ఎందుకంటే, 2011 జనగణనలో ఒడిశా గ్రామాలను ఠాణాల కింద అమర్చారు; బ్లాకు పేరుతో మాత్రమే వెదికేవారికి ఊరు దొరకకపోవచ్చు. గజపతి జిల్లాలోనే రాయగడ అనే బ్లాకు ఉంది, పక్కన రాయగడ జిల్లా ఉంది. ఈ రెండింటినీ కలగలిపిన వ్యాసాలు తక్కువేమీ కాదు. పాత లెక్కలు కావాలంటే మరో సంగతి గుర్తుంచుకోవాలి: గజపతి 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపడింది కాబట్టి, 1991 అంకెలు గంజాం పుస్తకంలోనే ఉంటాయి.

నేల గురించి రాసేటప్పుడు కాగితాలకన్నా కాళ్లకే ఎక్కువ పని. సర్వే ఆఫ్‌ ఇండియా వారి 1:50,000 కొలత పటంలో ఎత్తు గీతలు చూసి వాలు ఎటో తెలుసుకోండి. ఆ తర్వాత వాన వెలిసిన మరునాడు ఊరి పై గట్టు నుంచి కింది పల్లం దాకా నీటి వెంట నడవండి. ఏ గెడ్డ ఎక్కడ పుట్టి ఏ చెరువులో పడుతుందో, చెరువు మదుం (తూము) తీస్తే ముందు ఎవరి పొలాలు తడుస్తాయో, మిగిలిన నీరు చివరికి మహేంద్రతనయలోకి చేరుతుందో నేరుగా వంశధారలోకే చేరుతుందో రాయండి. పల్లం, గరువు, మెట్ట, పోడు అని రైతులు చేసే విభజననే వాడండి; పట్టాలో భూమి తరగతిని కిసమ్‌ అంటారు, దాన్ని పక్కన చేర్చండి. రెండింటికీ పొత్తు కుదరని చోట్లే ఆసక్తికరమైన సంగతులు బయటపడతాయి. కాగితంలో గోచరంగా ఉన్న పశువుల మేతభూమిలో నేడు జీడిమామిడి తోట ఉండవచ్చు. నేలబావిలో వైశాఖంలో ఎన్ని ఒరలు బయటపడతాయో లెక్కపెట్టి రాస్తే, భూగర్భజలాల గురించి రాసే పేరా కన్నా అదే ఎక్కువ చెబుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను నాటి నీరు ఎక్కడి దాకా వచ్చిందో గోడ మీద చూపించగలవారిని అడగండి.

విస్తీర్ణం జనగణనలో హెక్టార్లలోనూ, పట్టాలో ఎకరాలు, డెసిమళ్లలోనూ (డెసిమల్‌ అంటే ఎకరంలో నూరో వంతు) ఉంటుంది. హెక్టారుకు 2.47 ఎకరాలు. సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది: 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఇల్లు ఇటు, పొలం అటు ఉన్న కుటుంబాల భూమి మీ మౌజా విస్తీర్ణంలోకి రాదు. అది శ్రీకాకుళం వైపు అడంగళ్లలో (గ్రామ సాగు లెక్కల్లో) ఉంటుంది. ఊరివారు సాగుచేసే భూమి ఎంతో చెప్పేటప్పుడు దీన్ని విడిగా రాయాలి.

ఇక జనం. 2011 జిల్లా జనగణన పుస్తకంలో ప్రతి గ్రామానికీ ఇళ్లు, స్త్రీపురుషులు, ఏడేళ్లలోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, అక్షరాస్యులు, పనివారు అనే అంకెలుంటాయి. వాటిని ఎత్తి రాయడం తేలికే, కాని ఏ అంకె ఎవరిని లెక్కించిందో తెలియకుండా రాస్తే తప్పు చెప్పినట్టే. అక్షరాస్యతనే చూడండి. ఒక ఊరిలో 640 మంది ఉన్నారనీ, వారిలో ఏడేళ్లలోపు పిల్లలు 80 మంది, అక్షరాస్యులు 336 మంది అనీ అనుకుందాం. పిల్లలను తీసివేసి 560తో భాగించాలి, అప్పుడు 60 శాతం వస్తుంది; 640తో భాగిస్తే 52.5 మాత్రమే వచ్చి ఊరికి అన్యాయం జరుగుతుంది. పనివారిలో ఏడాదికి ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవారే ప్రధాన శ్రామికులు. నాట్లకు, కోతలకు మాత్రమే వెళ్లే ఆడవాళ్లు సాధారణంగా ఉపాంత శ్రామికుల (ఆరు నెలలకన్నా తక్కువ పనిచేసినవారి) గడిలో పడతారు.

స్త్రీపురుష నిష్పత్తి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2011లో జిల్లా జనాభా 5,77,817. వెయ్యిమంది పురుషులకు 1,043 మంది స్త్రీలు. మీ ఊరిలో ఈ అంకె ఇంకా పెద్దదైతే, వలస వెళ్లినవారి గురించి విచారించండి. ఆ ఏడాది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇంటిముఖం చూడనివారిని ఊరి లెక్కలో చేర్చలేదు. హైదరాబాదులో గాని సూరత్‌లో గాని కూలిపనిలో ఉన్నవాడు తన ఊరి జనాభాలో లేడన్నమాట.

మాతృభాష అంకెలు ఊరివారీగా ప్రచురించరు. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఇళ్లు ఎన్నో మీరే వీధివీధికీ తిరిగి లెక్కపెట్టాలి. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, సంతలో ఏ భాష అని మూడు ప్రశ్నలు అడగండి, ఎందుకంటే ఒక్క ప్రశ్నకు చాలామంది వచ్చిన మనిషికి నచ్చే జవాబే చెబుతారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి, నేటి జనసంఖ్యకు అంగన్‌వాడీ రిజిస్టరు, ఆశా కార్యకర్త దగ్గరి వివరాలు ఆధారం. ఓటర్ల జాబితాలో పద్దెనిమిదేళ్లు నిండినవారే ఉంటారు, దాన్ని జనాభా అని రాయకండి. ఇలా సేకరించిన ప్రతి అంకె పక్కనా నెల, సంవత్సరం, చెప్పినవారి హోదా రాయండి, పేర్లు అక్కరలేదు. ఇళ్లు మూడో నాలుగో మాత్రమే ఉన్న గూడేల వివరాలు విడిగా ఇస్తే ఎవరి సంగతో ఊరందరికీ తెలిసిపోతుంది కాబట్టి, వాటిని పెద్ద ఊరితో కలిపే చూపండి.