బీరు రకాలు రుచి చూసేటప్పుడు వరుస తప్పొద్దు
చట్టప్రకారం తాగే వయసు వచ్చి, బీర్లలో తేడాలు తెలుసుకోవాలనుకుంటే ముందు గోధుమతో చేసే వీట్ బీర్, తర్వాత లేత బంగారు రంగు పిల్స్‌నర్, కాస్త చేదుండే పేల్ ఏల్, ఆపైన నల్లటి స్టౌట్, బాగా చేదుండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) చివర్లో. ఐపీఏతో మొదలుపెడితే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చేదు నాలుకకు పట్టేసి, తర్వాతది ఎంత మంచిదైనా నీళ్లలా చప్పగా ఉంటుంది. ఒక్కోటి 100 మి.లీ. పోసుకోండి, పూటకు మూడు రకాలు చాలు. మధ్యమధ్యలో మంచినీళ్లు.

స్టౌట్‌ను మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. 10-12 డిగ్రీల దగ్గరైతేనే ఆ కాఫీ, చాక్లెట్ వాసన బాగా తెలుస్తుంది; మరీ చల్లగా తాగితే చేదొక్కటే మిగులుతుంది. పోశాక గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుంటే జిడ్డో సబ్బో ఉందన్నమాట, నురగ నిలవదు. కడిగి మళ్లీ పోయండి.

లేబుల్ మీద ఆల్కహాల్ శాతం తప్పక చూడండి: 8 శాతం బీరు ఒక గ్లాసు, 4 శాతం బీరు రెండు గ్లాసులతో సమానం. ఖాళీ కడుపుతో తాగొద్దు, తాగాక బండి తీయొద్దు.