వెనక చక్రం పక్కకు జరగడం ఆగింది: స్క్యూవర్ మార్చిన అనుభవం

కొరాపుట్, రాయగడ ఘాట్లలో ఎంటీబీ (కొండదారుల సైకిల్) తొక్కేవాళ్లు తరచూ అడిగేదే. ఎక్కుడులో బలంగా తొక్కితే వెనక చక్రం డ్రాపవుట్‌లో (ఇరుసు కూర్చునే ఫ్రేము గాడి) జరిగి టైరు ఫ్రేముకు రాసుకుంటోంది. హబ్ (చక్రం నడిమి భాగం) బిగింపు, ట్రూయింగ్ (చక్రం వంకర సరిచేయడం), చక్రం బిగించే లివర్‌ని ఇంకా గట్టిగా నొక్కడం, ఏవీ పనిచేయలేదు.

స్క్యూవర్ అంటే హబ్ గుండా వెళ్లి, ఒకవైపు లివర్, మరోవైపు నట్‌తో చక్రాన్ని ఫ్రేముకు బిగించే సన్న కడ్డీ. క్యామ్ (లివర్ మూస్తే బిగువు పెంచే భాగం) బయటికి కనిపించే, ప్లాస్టిక్ వాషరున్న తేలికరకం తీసేసి, క్యామ్ లోపల దాగుండే స్టీలు రకం వేశాను. షిమానోవి ఎక్కువగా ఇలాంటివే. నట్ ముఖానికి స్టీలు పళ్లుండాలి. అల్యూమినియం పళ్లు తొందరగా అరుగుతాయి. కొనేముందు హబ్ వెడల్పు కొలవండి: ఈ రకంలో వెనక 135, ముందు 100 మి.మీ. మామూలు.

మొదట డ్రాపవుట్ మీది గ్రీజు, పెయింటు పెచ్చులు తుడిచాను. తర్వాత యాక్సిల్ (ఇరుసు) కొన డ్రాపవుట్ దాటి పొడుచుకు రాలేదని చూశాను. వస్తే నట్ నొక్కేది యాక్సిల్‌ని, ఫ్రేముని కాదు! స్క్యూవర్ స్ప్రింగుల సన్న కొనలు లోపలికి, హబ్ వైపు పెట్టాను. సైకిల్‌ని నేలమీద నిలబెట్టి, చక్రం పూర్తిగా కూర్చున్నాక, లివర్ చక్రం నుంచి నిటారుగా బయటికి చూస్తున్నప్పుడే బిగువు మొదలయ్యేలా నట్ తిప్పాను. మూస్తే అరచేతిలో అచ్చు పడాలి. ఎర్రమట్టి బురద రోజుల్లో క్యామ్‌లో చుక్క నూనె.

డ్రాపవుటే అరిగినా, ఫ్రేము వంగినా ఇది పనిచేయకపోవచ్చు. త్రూ యాక్సిల్ (స్క్యూవర్ బదులు ఫ్రేము గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) బండ్లకు ఈ గొడవే లేదు.