ష్పెట్స్‌లె చేయబోతున్నారా? ముందు ఆవిరి సంగతి చూసుకోండి

జర్మనీలో స్టుట్‌గార్ట్, ఉల్మ్ చుట్టుపక్కల ష్వాబియా ప్రాంతం వాళ్ళ వంట ఇది, పిండిని మరిగే నీళ్ళలోకి చిన్న చిన్న ముక్కలుగా రాల్చి ఉడికించే మెత్తటి నూడుల్స్. కోడిగుడ్లు, మైదా, ఉప్పు, నీళ్ళు, అంతే సరుకు. పేరుకు పిచ్చుక పిల్లలని అర్థం. 2012లో యూరోపియన్ యూనియన్ దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. బూందీ దూసిన చేతికి ఈ పని కొత్తేమీ కాదు. తేడా అల్లా అక్కడ కాగే నూనె, ఇక్కడ మరిగే నీళ్ళు. నీళ్ళే కదా అని తేలిగ్గా తీసుకుంటాం, చేయి కాలేది అక్కడే.

నలుగురికి 400 గ్రాముల మైదా, 4 గుడ్లు, చెంచాడు ఉప్పు, గ్లాసుకు కాస్త తక్కువ నీళ్ళు. నీళ్ళన్నీ ఒకేసారి పోయొద్దు. పిండి పుణుగుల పిండి కంటే పలచగా, దోసెల పిండి కంటే చిక్కగా ఉండాలి. చెక్క గరిటెతో బుడగలు వచ్చేదాకా బాది, అరగంట పక్కన పెట్టండి. మన ఎండాకాలం వంటింట్లో అంతకు మించి ఉంచాల్సొస్తే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉప్పు చూద్దామని పచ్చిపిండి నాలుక మీద వేసుకోవద్దు, గిన్నె నాకుతామనే పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. పచ్చి గుడ్డులో కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, పచ్చి మైదా కూడా నమ్మదగింది కాదు. గుడ్లు కొట్టిన చేతులు సబ్బుతో కడిగాకే మరో డబ్బా ముట్టుకోండి.

ఇక పొయ్యి దగ్గరికి. పెద్ద గిన్నె తీసుకుని మూడింట రెండొంతులే నీళ్ళు పోయండి. పిండి పడగానే నురగ లేస్తుంది. గిన్నె నిండుగా ఉంటే పొంగి గ్యాస్ మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే పొయ్యి వదిలి ఫోన్ ఎత్తడానికి వెళ్ళొద్దు.

అక్కడి పాతకాలం వాళ్ళు తడిపిన చెక్క పలక మీద పిండి పరిచి, రేకుతో సన్నగా నీళ్ళలోకి గీకుతారు. చూడ్డానికి ముచ్చటే కానీ మొదటిసారే దాని జోలికి పోకండి. బూందీ చట్రం లాంటి చిల్లుల పలక మీద చిన్న డబ్బా అటూ ఇటూ జరిపే పరికరం సులువు. దానికీ ఒక పేచీ ఉంది. కింది ఆవిరికి చిల్లుల్లోనే పిండి ఉడికి బిగుసుకుంటుంది. మనం ఇంకా గట్టిగా తోస్తాం, పలక పక్కకి ఒరుగుతుంది. నా మణికట్టు మీద మచ్చ అలా వచ్చిందే. పిండి ఆగిందంటే తోయకండి. పలక ఎత్తి, చన్నీళ్ళ కింద పెట్టి, మళ్ళీ మొదలుపెట్టండి. మంట కూడా కాస్త తగ్గించుకోండి, నీళ్ళు తెర్లాల్సిన పని లేదు. జంతికల గొట్టంతో చేస్తే ఆవిరికి ఎత్తుగా పట్టుకోవాలి, సన్న కారప్పూస బిళ్ళ వేయొద్దు. పైట, చున్నీ బొడ్లో దోపుకోండి, గిన్నె పిడి బయటికి తిప్పి ఉంచొద్దు.

చేయి కాలిందా, కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న, ఏదీ రాయొద్దు.

పైకి తేలినవి చిల్లుల గరిటెతో తీసి బాగా వడకట్టాలి. తడితోనే వేడి వెన్నలో వేస్తే పెనం చిటపటమని మొహం మీదికి చిమ్ముతుంది. పైన చీజ్, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తే అదే కేజెష్పెట్స్‌లె. నా ఓటు మాత్రం పప్పుతో, సాసేజ్‌తో తినే రకానికే.

మిగిలినవి పొయ్యి గట్టు మీద రాత్రంతా వదిలేయొద్దు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో బాగా వేడిచేసుకుని తినేయండి. పలకని వేణ్ణీళ్ళతో కడిగారో, పిండి జిగురులా అతుక్కుని ఒక పట్టాన వదలదు. ముందు చన్నీళ్ళలో నానబెట్టండి.